చామంతికి పెట్టిన కాపలా

ఒక్క మొక్కతో ముప్పై ఎనిమిది మంది ఆడపిల్లలకు ఏడాది చివరిదాకా ఖోఖో లేకుండా చేసిన ఘనత నాది. తుపానులూ వరదలూ మా జిల్లాకు కొత్త కాదు గాని, తొమ్మిదో తరగతి బి సెక్షనుకు నేను తెచ్చిపెట్టిన ఉపద్రవం ముందు అవి కాస్త చిన్నబోతాయి. చదువుతూ నా మీద జాలి పడకండి. ఆ రోజుల్లో నేను ఎవరి మీదా పడలేదు.

మాది మండపేట. నాన్న రైసుమిల్లులో గుమాస్తా. వచ్చిన ప్రతి బస్తానూ తేమ ఉందేమో, తాలు కలిపారేమో అని అనుమానంగా చూడడం ఆయన ఉద్యోగం. ఆ చూపు నాకు పుట్టుకతో వచ్చింది. ఆయన మిల్లులోనే వాడేవారు, నేను మనుషుల మీద వాడేదాన్ని. అంతే తేడా.

ఆ ఏడాది మా హైస్కూల్లో ఎకో క్లబ్ పెట్టారు. అప్పటిదాకా శనివారం చివరి రెండు పీరియడ్లూ ఖోఖో. ఇకమీదట ఒకటి ఖోఖోకు, ఒకటి మొక్కలకు అన్నారు. జీవశాస్త్రం చెప్పే వరలక్ష్మి మేడమ్ కడియం నర్సరీ నుంచి తెల్ల చామంతి మొక్కలు తెప్పించారు. ప్రహరీ గోడ వెంబడి తలా మూరెడు నేల ఇచ్చి, పేర్లు రాసిన అట్టముక్కలు గుచ్చించారు. ఎవరి మొక్క బాగా పూస్తే వాళ్లను కోరింగ మడ అడవులు చూపించే జట్టులో చేరుస్తామని, అక్కడ పడవ కూడా ఎక్కిస్తామని చెప్పారు. ఇన్ని కాలవల మధ్య పుట్టి పెరిగినా అప్పటికి నేను రేవు దాటించే పంటు తప్ప మరో పడవ ఎక్కి ఎరగను. ఆ రాత్రే కలలో రెండుసార్లు కోరింగ వెళ్లొచ్చాను.

నా పక్క బెంచీ సత్యవేణిది. ఖర్మకొద్దీ పక్క మడి కూడా ఆమెదే. వాళ్లది వ్యవసాయ కుటుంబం. మొక్కను చూడగానే దాని కులగోత్రాలు చెప్పగలదు. అందుకే నాకు ఆమె మీద మొదటి రోజు నుంచే అనుమానం.

దసరా సెలవులకు పెద్దాపురంలో అమ్మమ్మగారింటికి వెళ్లి పది రోజులకు తిరిగొచ్చాను. నీళ్లు లేక అందరి మొక్కలూ తలలు వాల్చేశాయి. నా మడిలో మాత్రం, నా పేరున్న అట్టముక్క పక్కనే, పచ్చగా, చీలికల ఆకులతో ఒక మొక్క నన్ను చూసి నవ్వుతోంది. నాటినప్పటికంటే రెండింతలు పెరిగింది. వేరే పిల్లయితే కాస్త ఆశ్చర్యపోయేది. నేను మాత్రం నా చేతి చలవ అనుకున్నాను. వెనువెంటనే, దీన్ని ఎవరో ఎత్తుకుపోతారని కూడా అనుకున్నాను.

మర్నాడే మిల్లు నుంచి రెండు పాత గోనెసంచులు తెచ్చి, నాలుగు కర్రలు పాతి, మొక్క చుట్టూ దడి కట్టాను. పైన మాత్రం ఎండ తగిలేలా వదిలాను. రెండు పూటలా నీళ్లు. వారానికోసారి మా గేదె పేడ. అది పెరిగిన తీరు చూస్తే చామంతికి ఎవరో పెద్ద ఉద్యోగం ఇచ్చారనిపించేది.

ఇంతలో ఒక మేక గోడ విరిగిన చోటునుంచి దూరి, మొక్కలన్నిటి చిగుళ్లూ కొరికేసింది. నా దడి తోసుకుని లోపలికి మూతి పెట్టి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. శ్రమను గుర్తించే మేకలు కూడా ఉంటాయని నేను పొంగిపోయాను. క్లాసంతా మాత్రం ఆ మేకను నేనే తోలుకొచ్చానని చెప్పుకుంది. అలా నేను అందరినీ, అందరూ నన్నూ అనుమానించుకుంటూ కార్తీకమాసంలోకి వచ్చి పడ్డాం.

మా స్కూలు అటెండర్ అప్పారావుగారు ఒకరోజు నా దడి దగ్గర నిలబడి, "పాపా, ఓసారి ఆ గోనె తియ్యమ్మా, నీ మొక్క సంగతేంటో చూడాలి" అన్నారు. సత్యవేణి పంపి ఉంటుందని నాకు అర్థమైపోయింది. పూసేదాకా ఎవరి కంటా పడకూడదని మా అమ్మమ్మ చెప్పిందని అబద్ధమాడాను. ఆయన తల గోక్కుంటూ వెళ్లిపోయారు. వరలక్ష్మి మేడమ్‌కీ అదే చెప్పాను. ఆవిడ నవ్వి, పిల్లలకు మొక్కల మీద ఇంత ప్రేమ రావడం మంచిదే అన్నారు. పాపం ఆవిడ.

అప్పుడు మొదలైంది దురద. రెండు చేతులూ మోచేతుల దాకా ఎర్రగా కందిపోయాయి. పైగా వరసపెట్టి తుమ్ములు. నేను రెండు నిమిషాల్లో కేసు తేల్చేశాను. పక్కన కూర్చునేది సత్యవేణి, పొలాలున్నది సత్యవేణికి, పొలాల గట్ల మీద దొరికేది దురదగొండి. నా బెంచీకి ఆ పిల్ల దురదగొండి నూగు రాస్తోందని మేడమ్‌కు ఫిర్యాదు చేశాను. చేతులు చూపించి ఏడ్చాను కూడా. మేడమ్ సత్యవేణిని పీరియడ్ అంతా క్లాసు బయట నిలబెట్టారు.

గంట కొట్టాక ఆమె లోపలికొచ్చి, కోపంగా కూడా కాదు, మామూలుగా అంది. "నేనేం రాయలేదే. నువ్వు దేన్ని ముట్టుకుంటున్నావో చూసుకో ముందు."

దాన్ని నేను బెదిరింపు కింద జమ కట్టుకున్నాను. బెంచీ మారాను. దడికి ఇంకో గోనె కట్టాను.

చివరికి నా మొక్క పూసింది. తెల్లటి పూలే. కాకపోతే ఒక్కొక్కటి మెంతిగింజంత ఉంది. ఇంకా విచ్చుకోవాలి కదా అని సర్దిచెప్పుకున్నాను. మేక చిగుళ్లు కొరకడం వల్ల మిగతా అందరి చామంతులూ గుబురుగా కొమ్మలేసి, గిన్నెలంత పూలు పూశాయి. అది కూడా నాకు అనుమానంగానే అనిపించింది.

పూల పోటీ రోజున వ్యవసాయ శాఖ అధికారి ఒకాయన వచ్చారు. మేడమ్, హెడ్మాస్టర్ గారు, క్లాసంతా వెంట నడిచారు. సత్యవేణి మడి దగ్గర ఆయన చాలాసేపు ఆగి మెచ్చుకున్నారు. తర్వాత నా వంతు. నేను గోనెలు ఒక్కొక్కటే విప్పాను, కళ్యాణమండపంలో తెర దించినంత నెమ్మదిగా.

అధికారి వంగి ఒక రెమ్మ పట్టుకుని చూశారు.

"వయ్యారిభామ" అన్నారు అధికారి.

నన్ను ముద్దుగా అన్నారేమో అనుకుని సిగ్గుపడి తల దించుకున్నాను.

"ఇది ఎవరు పెంచారమ్మా?"

"నేనేనండి."

"నీళ్లు పోశావా?"

"రెండు పూటలా పోశానండి. ఆదివారం కూడా వచ్చి పోశానండి."

"ఎరువు?"

"మా గేదె పేడండి. బాగా చివికిందే వేశానండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "నా సర్వీసులో దీన్ని పీకినవాళ్లను చూశాను, మందు కొట్టినవాళ్లను చూశాను. పేడేసి పెంచినవాళ్లను చూడడం ఇదే మొదటిసారమ్మా" అన్నారు.

వయ్యారిభామ అంటే పొలాలనూ మనుషులనూ పీడించే కలుపు మొక్క అనీ, దాన్ని ముట్టుకుంటే ఒంటికి దురదనీ, పుప్పొడి పీలిస్తే తుమ్ములనీ, పశువులు దాని జోలికి పోవనీ ఆయన వివరించారు. ఒక్కొక్క మాటకూ నాలో ఒక్కొక్క తలుపు మూసుకుపోతోంది. మేడమ్ వంగి నా అట్టముక్క పక్కన మట్టి కెలికారు. ఎండి పుల్లయిపోయిన అసలు చామంతి బయటపడింది. దసరా సెలవుల్లోనే అది తన దారి తాను చూసుకుందన్నమాట.

అధికారి నా చేతులు చూసి, దురద ఎన్నాళ్ల నుంచని అడిగారు. నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. క్లాసంతా సత్యవేణి వైపు చూసింది. ఆమె మాత్రం ఎవరినీ చూడకుండా తన చామంతి ఆకుల మీది మట్టి దులుపుకుంటోంది. ఆమె నవ్వి ఉంటే నాకు ఎంత బాగుండేదో. సాయంత్రం గేటు దగ్గర ఆమెను ఆపి, తప్పయిపోయిందని చెప్పాను. ఆమెను బయట నిలబెట్టించినందుకు పెద్దగా ఏడ్చాను కూడా. "ముందు చేతులకి కొబ్బరినూనె రాసుకో" అని వెళ్లిపోయింది.

అంతటితో అయిపోతే ఇది మీకు చెప్పేదాన్ని కాదు. అప్పటికే ఆ గోనెల మధ్య నా వయ్యారిభామ హాయిగా పండి, గాలికి గింజలు రాల్చేసింది. సంక్రాంతి సెలవులయ్యేసరికి గోడ పొడవునా, ఖోఖో కోర్టు మధ్యలో కూడా దాని సంతానమే. ఇక శనివారం రెండు పీరియడ్లూ చేతులకు గుడ్డలు చుట్టుకుని కలుపు తీయడమే. కోరింగకు సత్యవేణి వెళ్లింది. నేను కోర్టులో వంగి పీకుతూనే ఉన్నాను.

పని మొదలుపెట్టే ముందు నాచేత ప్రతిజ్ఞ చేయించాలని మేడమ్ నిర్ణయించారు. కుడిచేయి చాచి నేను ముందు చెప్పాలి, క్లాసంతా తర్వాత చెప్పాలి. పేరు తెలియని మొక్కను పెంచను. ఎవరైనా చూస్తామంటే గోనె కప్పను. ఇంకేమైనా కలపాలా అని మేడమ్ అడిగితే సత్యవేణి లేచి నిలబడింది.

"ఇంకొకటండి. చెయ్యి దురద పెడితే ముందు నా చెయ్యి చూసుకుంటాను, తర్వాతే పక్కవాళ్ల మొహం చూస్తాను."

మేడమ్ దాన్ని అలాగే రాయించారు. ఆ ఏడాది చివరి శనివారం దాకా ముప్పై ఎనిమిది గొంతులు నాతో కలిసి ఆ మాట చెప్పాయి. ఇప్పుడు మీ అందరి సాక్షిగా, కుడిచేయి చాచి, మళ్లీ అదే ప్రతిజ్ఞ చేస్తున్నాను. మొదటి రెండు మాటలూ ఇంతవరకు తప్పలేదు. మూడోదాని సంగతి మాత్రం మా ఆయన్ని అడక్కండి.