ఐదో గేరులో పులిగడ్డ వంతెన

మా చెల్లెలి కారుకు ఇంజిను ఎంచింది నేను. వెయ్యి సీసీకి ఒక్క సీసీ తక్కువ, మూడు సిలిండర్లు, వంద గుర్రాల శక్తి, పెట్రోలు, టర్బో. రంగు తను చూసుకుంది. కంపెనీ కాగితం మీదున్న అంకెలన్నీ నేను చూశాను.

నేను గుడివాడలో ఒక రైసుమిల్లులో లెక్కలు చూస్తాను. చదివింది ఇంటర్మీడియట్ దాకానే. తర్వాత తెలిసిందంతా సొంతంగా పట్టుకున్నది. మా ఇళ్ళలో ఎవరు ఏసీ కొన్నా, గదికి టైల్స్ వేయించినా ముందు నాకు ఫోను చేస్తారు. "అన్నయ్య లెక్క వేశాడు" అంటే ఇక ఆ మాట మీద చర్చ ఉండదు. ఆ పేరు నాకు ఇష్టం. ఇప్పుడు రాస్తుంటే ఆ ఇష్టానికే ముందు సిగ్గనిపిస్తోంది.

చెల్లెలు ఉండేది బందరులో. అవనిగడ్డ దాటాక కోడూరు దారిలో ఒక హైస్కూల్లో హిందీ టీచరు. ఏళ్ళ తరబడి రెండు బస్సులు, ఒక ఆటో పట్టుకుని వెళ్ళొచ్చేది. నలభై దాటాక డ్రైవింగు నేర్చుకుంది. బావగారికి చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగల పని. ఆయనకు కారు తోలడం వచ్చు, తోలే తీరిక లేదు. కారు కొనడానికి ఆయన ఒప్పుకున్నాడు కాని ఇంజిను చూసి నవ్వాడు.

"లీటరు కూడా లేని ఇంజినా బావా? ఇది మనుషుల్ని లాగుతుందా, లేక మనమే దిగి తొయ్యాలా?"

"టర్బో ఉంది బావా. పదిహేను వందల సీసీ చేసే పని చేస్తుంది."

"ఆ టర్బో ఏదో ముందు మీ చెల్లెలికి బిగించు. స్కూలుకి బయల్దేరేసరికి రోజూ ఆలస్యమే."

"మీరు టిఫిను తొందరగా తింటే నేను తొందరగానే బయల్దేరతాను" అని వంటింట్లోంచి ఆమె అన్నది.

టర్బో సంగతి నేను ఆయనకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. మామూలు ఇంజిను గాలిని తనంతట తనే పీల్చుకుంటుంది. ఇందులో బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొనన ఉన్న చక్రం బయటి గాలిని నొక్కి సిలిండర్లలోకి తోస్తుంది. ఆ చక్రాలు నిమిషానికి లక్షసార్లకు పైగా తిరుగుతాయి. గాలి ఎక్కువ వెళ్తే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, చిన్న ఇంజినుకు పెద్ద బలం వస్తుంది. ఆ బలానికి తగ్గ వేడి, ఒత్తిడి కూడా ఆ చిన్న ఇనుమే భరించాలి.

ఇలాంటి ఇంజిన్లకు వచ్చే జబ్బులు కూడా ముందే తెలుసుకున్నాను. దూరం నుంచి వచ్చి ఆగీ ఆగగానే తాళం తిప్పేస్తే టర్బోలో మిగిలిన ఆయిలు మాడి గసి కడుతుంది. కాబట్టి గుమ్మం ముందు కాసేపు ఇంజిను అలా నడవనిచ్చి అప్పుడు ఆపమన్నాను. ఆయిలు కంపెనీ చెప్పిన రకమే పోయించాను. కిలోమీటర్లు పూర్తికాకపోయినా ఏడాది తిరిగేసరికి మార్పించాను. కోతల కాలంలో మా రోడ్ల మీద లేచే దుమ్ముకు ఎయిర్ ఫిల్టరు త్వరగా మూసుకుపోతుందని దాన్నీ చూపించేవాణ్ణి. గాలిగొట్టం బిగింపు వదులైతే ఈలవేసినట్టు వినిపిస్తుందని, ఆ చప్పుడు వస్తే చెప్పమని చెల్లెలికి చెప్పాను. ఇన్ని చెప్పినవాణ్ణి, మైలేజీ కోసం మరొకటి కూడా చెప్పాను.

"నలభై దాటగానే నాలుగో గేరు. యాభై రాకముందే ఐదు. ఐదులో పడ్డాక మళ్ళీ కిందికి దించకు."

నా లెక్క ఇది. ఇంజిను ఎన్ని తిప్పులు తిరిగితే అంత పెట్రోలు. పై గేరులో తిప్పులు తక్కువ, కాబట్టి ఖర్చు తక్కువ. నా పాత కారును అమ్మేసేదాకా పన్నెండేళ్ళు అలాగే నడిపాను, దానికేమీ కాలేదు. పైగా బందరు నుంచి కోడూరు దాకా గుట్ట లేదు, ఘాట్ రోడ్డు లేదు. నేలంతా పళ్ళెంలా ఉంటుంది. ఎత్తు అంటే పులిగడ్డ దగ్గర కృష్ణ మీద వంతెన, దారిలో కాలవల మీద చిన్న చిన్న వంతెనలు. మా వైపు వాళ్ళం వంతెనను ఎత్తుగా లెక్కపెట్టం. అది కూడా రోడ్డే మాకు.

"వంతెన ఎక్కేటప్పుడు బండి గుంజుతోంది అన్నయ్యా. గేరు తగ్గించనా?" అని మొదటి నెలలోనే అడిగింది.

"అక్కర్లేదు. యాక్సిలరేటరు ఇంకాస్త తొక్కు, అదే ఎక్కుతుంది."

తను అలాగే తొక్కింది. నా మాట తు.చ. తప్పకుండా పాటించే మనిషి మా ఇళ్ళలో తనొక్కతే. కారులో తనతోపాటు ముగ్గురు టీచర్లు, ఏసీ, వెనకాల పుస్తకాల కట్టలు. ఐదో గేరు, అడుగంటిన వేగం, పాదం కింద పూర్తిగా తొక్కిన యాక్సిలరేటరు. ప్రతి ఆదివారం ఫోనులో మైలేజీ చెప్పేది. "ఈ వారం పంతొమ్మిదిన్నర అన్నయ్యా!" అనేది, పిల్లలు ప్రోగ్రెస్ కార్డు చూపించినట్టు.

కొన్నాళ్ళకు ఇంకో మాట కూడా చెప్పింది. "వంతెన దగ్గర లోపల గలగలమంటోంది. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు."

"మూడు సిలిండర్ల ఇంజిను అంతేనమ్మా. కాస్త వణుకు ఉంటుంది."

ఒక ఉదయం పులిగడ్డ వంతెన మీద ఆ గలగల ఒక్కసారి ఠంగుమంది. బండంతా ఊగింది, డ్యాష్‌బోర్డు మీద ఇంజిను దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది, వెనకనుంచి నీలంగా పొగ. నేను గుడివాడ నుంచి వెళ్ళేసరికి కారు వంతెన పక్కగా నిలబడి ఉంది. మిగతా టీచర్లు అప్పటికే ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. వచ్చేపోయే లారీలవాళ్ళు తలలు బయటపెట్టి, "లేడీసు బండిరా" అని అరిచి వెళ్తున్నారు. చెల్లెలు నన్ను చూడగానే అన్న మొదటి మాట: "నేను ఐదులోనే ఉన్నానన్నయ్యా. దించలేదు."

బందరులో వర్క్‌షాపుకు లాగించాం. ఇంజిను విప్పాక మమ్మల్ని రమ్మన్నారు. రెండో సిలిండరులో పిస్టను అంచు, రింగులు కూర్చునే చోట, విరిగిపోయింది. కౌంటరు దగ్గర కుర్రాడు కంప్యూటరు చూస్తూ, "తక్కువ తిప్పుల్లో పై గేరు పెట్టి లోడు లాగించారండి. స్పార్కు రాకముందే లోపల పెట్రోలు అంటుకుంటుంది. టర్బో పెట్రోలు బళ్ళకి అది పడదండి. ఎవరండీ నడిపేది?" అన్నాడు.

"మా ఆవిడ" అన్నాడు బావగారు. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు బావా. లెక్క తెలిసినవాడివి. బండి లోపమా, నడపడంలో లోపమా?"

కుర్రాడి మాట సగంలో ఉండగానే నాకు అంతా అర్థమైంది. టర్బో సరిగా ఊపందుకునేది నిమిషానికి పదిహేడు వందల తిప్పుల మీద అని ఆ కంపెనీ కాగితంలోనే ఉంది. నేను నడపమన్నది అంతకంటే బాగా కింద. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి ఒక్కసారి కూడా చూడలేదు. చెల్లెలు మా ఇద్దరి వెనకాల, స్కూలు బ్యాగు గుండెలకు పట్టుకుని నిలబడి ఉంది.

"నడపడంలోనే" అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది.

"నేనేం చేశాను?" అంది తను. ఎవరినీ చూడకుండా అంది.

"చేసిందంతా చేసి ఇంకా ఏం చేశానంటావేంటే? మూడొందల అరవై రోజులూ బస్సు ఉంది. హాయిగా బస్సెక్కు" అన్నాడు ఆయన. కౌంటరు కుర్రాడు నవ్వాడు. నేనూ, ఆ నవ్వుకు అడ్డంపడలేక, నవ్వినట్టు పెదవులు కదిపాను.

ఇంజిను బాగై ఇంటికొచ్చింది. నడిపేది మాత్రం ఆయనే, ఆదివారాలు. తను మళ్ళీ రెండు బస్సులు, ఒక ఆటో. ఫోనులో ఎప్పుడన్నా కారు మాటెత్తితే, "నాకు చేతకాదని తేలిపోయిందిగా అన్నయ్యా. నలభై దాటాక ఎందుకొచ్చిన ముచ్చట" అనేది. నవ్వుతూనే అనేది. ఆ నవ్వు విన్న ప్రతిసారీ చెప్పేద్దామనుకునేవాణ్ణి. ఫోను పెట్టేసేవాణ్ణి. కారు పోతే కారు వస్తుంది. తను చేతకాని మనిషినని నమ్మేస్తోంది, అదీ నా మాట మీద.

చివరికి ఒక ఆదివారం ఉదయం బందరు వెళ్ళాను. బావగారు హాల్లో పేపరు చదువుతున్నాడు.

"బావా, ఆ రోజు వర్క్‌షాపులో నేను సగమే చెప్పాను."

"ఏ సగం?"

"ఐదో గేరులోనే వంతెన ఎక్కించమన్నది నేను. గేరు తగ్గించనా అని తను అడిగింది. వద్దన్నాను. చప్పుడొస్తోందని చెప్పింది. పట్టించుకోలేదు. ఇంజిను పోయింది నా వల్ల."

ఆయన పేపరు దించి, నా మొహం చూసి, గట్టిగా నవ్వేశాడు. "దీనికేనా, ఎవరో పోయినట్టు మొహం పెట్టుకుని వచ్చావు? పోనీలే బావా. నీకు మాత్రం ఏం తెలుసు, కొత్తరకం ఇంజిన్లు. ఏదో మంచికే చెప్పావు." తర్వాత లోపలికి కేకేశాడు. "ఏమోయ్, మీ అన్నయ్యకి కాఫీ పట్టుకురా."

చెల్లెలు అప్పటికే వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది.

"నా తప్పయినప్పుడు తాళం తీసుకున్నారు. అన్నయ్య తప్పయితే కాఫీ ఇమ్మంటున్నారు."

"అబ్బే, అదికాదే..."

"మరేది?"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. తను నా వైపు తిరిగింది. "గలగలమంటోందని ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"చాలాసార్లు."

"నువ్వేమన్నావు?"

"మూడు సిలిండర్ల ఇంజిను అంతేనన్నాను."

"ఇంకా అన్నావు. నీకు లెక్క తెలీదు, చెప్పినట్టు చెయ్యి అన్నావు."

ఆ మాట అన్నట్టు నాకు గుర్తులేదు. ఎప్పుడో కొన్న పెట్రోలు ధరలు కూడా పైసలతో సహా గుర్తుంటాయి నాకు. ఇది గుర్తులేదు. కాని అని ఉంటాను. అలాగే మాట్లాడతాను నేను.

"అన్నాను కాబోలు" అన్నాను.

"కాబోలు కాదు."

"అన్నాను."

తను బావగారి ముందుకు వెళ్ళి చెయ్యి చాపింది. ఆయన ఒక్క క్షణం నన్ను చూశాడు, నేనేమైనా అంటానేమోనని. తర్వాత జేబులోంచి తాళం తీసి ఇచ్చాడు.

"ఎక్కడికే?"

"పులిగడ్డ దాకా."

"నేనూ వస్తానుండు."

"వద్దు."

నేను లేచాను. నావైపు చూడకుండానే, "నువ్వు కూడా వద్దు" అంది.

తను వెళ్ళాక మేమిద్దరం హాల్లో కూర్చున్నాం. ఆయన పేపరు మళ్ళీ తీశాడు కాని పేజీ తిప్పలేదు. ఒకసారి, "గేరు సంగతి చెప్పి పంపాల్సింది" అన్నాడు. వంతెన మీద తన చేతులు ఎలా ఉంటాయో ఊహించుకుంటూ కూర్చున్నాను. వెనకనుంచి లారీ హారను కొడితే కంగారుపడుతుందేమో. మళ్ళీ ఠంగుమంటుందేమోనని భయపడుతుందేమో. ఆ భయం ఆ ఇంజినులో కంపెనీవాళ్ళు పెట్టింది కాదు.

మధ్యాహ్నం దాటాక గేటు చప్పుడైంది. కారు లోపలికొచ్చింది. ఇంజిను కాసేపు అలా నడిచి, తర్వాత ఆగింది. తను లోపలికి వచ్చి, తాళం తన స్కూలు బ్యాగులో వేసుకుంది. మొహమంతా చెమట.

"ఎలా ఉంది?" అని బావగారు అడిగాడు.

"బాగానే ఉంది."

ఏ గేరులో ఎక్కించావని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. వెళ్ళొస్తానని లేచాను. తను కొంగుతో మొహం తుడుచుకుంటూ తలాడించింది. భోంచేసి వెళ్ళమనలేదు. ఆ ఇంటినుంచి అన్నం తినకుండా గుడివాడ బస్సెక్కడం నాకు అదే మొదటిసారి.