కరెంటు వచ్చిందని ఫిర్యాదు

టేప్‌రికార్డరున్న ఇంటికి చుట్టాలు ఎక్కువగా వచ్చే కాలం అది. మా ఏలూరు చర్చి గాయకబృందంలో నాది బేస్, అంటే కింది గొంతు. కింది గొంతువాళ్ళని వెనక వరసలో స్తంభం పక్కన నిలబెట్టడం మా ఆర్గన్ మేష్టారి పద్ధతి. (పక్కన కాదు, వెనకాల. అప్పుడూ ఇదే చెప్పాను, ఇప్పుడూ ఇదే చెబుతున్నాను.) పైగా ఒకసారి అందరి ముందూ, "ఏవండీ, మీరు కాస్త మెల్లగా పాడాలండీ. కొల్లేట్లో బోదురుకప్ప పిలిచినట్టుందండీ" అన్నారు. అంత మర్యాదగా తిట్లు తిన్నవాడు ఎలా మర్చిపోతాడు?

ఆ ఏడు మృతుల స్మరణ దినానికి, మా వైపు ఎవరూ పాడని ఒక లాటిన్ రెక్వియమ్ పాడించాలని మేష్టారికి బుద్ధి పుట్టింది. చనిపోయినవారి శాంతి కోసం బృందమంతా కలిసి పాడే పెద్ద ప్రార్థన అది. మధ్యలో ఒక ముక్క మాత్రం ఒక్కరే, ముందుకొచ్చి నిలబడి పాడాలి. స్తంభం నుంచి నాకు విముక్తి అదొక్కటే. వినడానికి రెండు క్యాసెట్లు దొరికాయి. ఒకటి బృందంలోనే ఉన్న మా బావ బెజవాడ నుంచి తెచ్చాడు, రెండోది నేను తాడేపల్లిగూడెంలో అత్తయ్యగారింటి నుంచి తెచ్చాను. టేప్‌రికార్డరు చర్చికే తెచ్చి, ఏ రికార్డింగు మేలైనదో తేల్చి, అందులో ఉన్నట్టే పాడాలని నిర్ణయం.

బావ క్యాసెట్లో ఆ ముక్క ఎవరో సన్నగొంతాయన పాడాడు. బావదీ సన్నగొంతే. కాలరు సర్దుకున్నాడు. నాది పెట్టేసరికి కరెంటు పోయింది. టేప్‌రికార్డర్లో ఉన్న పాత బ్యాటరీలతోనే తిప్పాం. ఏం గాంభీర్యమండీ! ఆ ముక్క పాతాళంలోంచి లేచి వచ్చింది.

"చూశారా మేష్టారూ, ఇందులో పాడింది బేసండీ!" అన్నాను.

మేష్టారు కళ్ళు తుడుచుకున్నారు. "పోయినవాళ్ళకి ఈ నెమ్మదే తగునండీ. మీ రికార్డింగే ఖాయం. రండి, ముందుకొచ్చి నిలబడండి."

స్తంభం దాటి అడుగు వేశానో లేదో, కరెంటొచ్చింది. నా గాయకుడు మాట మధ్యలో గొంతు సన్నం చేసుకుని, పరుగు లంకించుకుని, అచ్చం బావ గాయకుడైపోయాడు. చివర్లో ఎవరో దగ్గారు. బావ క్యాసెట్లోనూ సరిగ్గా అక్కడే దగ్గారు. రెండూ ఒకటే రికార్డింగు! బ్యాటరీల నీరసానికి టేపు మెల్లగా తిరిగి గొంతు దిగిందంతే.

"బావా, నీ బేసుకి బ్యాటరీలు మార్చాలోయ్!" అన్నాడు బావ. మేష్టారు నవ్వాపుకోలేక ఆర్గన్ మీద తల వాల్చేశారు. అదీ కింది స్వరంలోనే మోగింది.

మర్నాడే కరెంటాఫీసుకి వెళ్ళాను.

"పోయిందాండీ?" అన్నాడు గుమాస్తా.

"వచ్చిందండీ" అన్నాను.

ఆయన కలం పక్కన పెట్టి నాకు మంచినీళ్ళు తెప్పించాడు. (ఆ ఫిర్యాదుకి ఇంతవరకూ జవాబు లేదు.)

ఇప్పుడు ఫోన్లో ఆ రెక్వియమ్‌కి దేశదేశాల రికార్డింగులున్నాయి. అన్నీ విన్నాను. గొప్పవాళ్ళే గాని, అందరికీ భీమడోలులో రైలు అందుకోవాలన్నంత తొందర. అందుకని వేగం తగ్గించి వింటాను. వేగమైతే తగ్గుతుంది గాని, ఈ ఫోను గొంతు మాత్రం దించదు. ఆ లోటు నేనే తీరుస్తాను.

"ఏవండీ, ఆ స్తంభం వెనక్కెళ్ళి పాడుకోండి!" అని వంటింట్లోంచి కేకేస్తుంది మా ఆవిడ. (బావ చెల్లెలే.)

మా ఇంట్లో స్తంభాలు లేవు. కట్టేటప్పుడే వద్దన్నాను.