బాగానే ఉందండీ

మా వదిన నోట్లో నాలుక లేని మనిషి. ఆవిడ వాటా కూడా నాకే వచ్చినట్టుంది. ఇరవై రెండేళ్ళుగా నీళ్ళ ఆఫీసులో కౌంటరు దగ్గర కూర్చుని కొత్త కనెక్షన్ల దరఖాస్తులు తీసుకుంటున్నాను. రోజంతా జనం మీద అరిచి, మిగిలిన గొంతుతో సాయంత్రం పక్క పోర్షన్లో ఉండే అన్నయ్య మీద అరుస్తాను. వదిన నన్ను ‘పోలీసమ్మా’ అంటుంది. ఆడపడుచుని అలా పిలిచి బతికి బట్టకట్టింది ఆవిడొక్కతే, ఎందుకంటే ఆవిడ మీద అరవడానికి నాకెప్పుడూ నోరు రాలేదు.

వదిన కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది. ముందు అమ్మకాలు, వెనక చిన్న గదిలో ఈవిడ. అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీయడం, అంచు నున్నగా చెయ్యడం, ఫ్రేముని కాస్త వేడిచేసి అద్దం బిగించడం, ఆవగింజంత స్క్రూలు తిప్పడం. ఎవరి ముఖమైనా ఒక్కసారి చూసి, ‘ఈయనకి ఎడమ చెవి కొంచెం కిందకి ఉంది, ఆ పక్క కాడ వంచాలి’ అనేది. వంచి పెడితే జోడు కదలకుండా కూర్చునేది. నా కళ్ళజోడు మాత్రం ఎన్నిసార్లు సరిచేసినా జారిపోయేది. “నీ ముక్కు మీద కోపం ఉంటుంది కదా పోలీసమ్మా, ఇక జోడుకి చోటేదీ?” అని నవ్వేది.

అలాంటి మనిషికి ఒకరోజు కుడికన్ను మసకబారింది. ఎర్ర రంగు వెలిసిపోయిన ఇటుకలా కనిపిస్తోందంది. షాపులో ఉన్నదాయె, అద్దం తప్పేమోనని మూడుసార్లు మార్చుకుంది. నెల తర్వాత అరికాళ్ళు మొద్దుబారాయి. స్కాన్ తీశాక చెప్పారు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అని. నరాల మీద పొర ఉంటుందట, ఒంటిని కాపాడాల్సిన కణాలే దాన్ని కొరికేస్తాయట. పెంచుకున్న కుక్క ఇంట్లోవాళ్ళనే కరిచినట్టు. అప్పటికి వదినకి ముప్పై తొమ్మిదేళ్ళు.

రెండేళ్ళు మాత్రలు, ఇంజెక్షన్లు అన్నీ వాడాం. జబ్బు దాని దారిన అది పోతూనే ఉంది. అప్పుడు పెద్దాసుపత్రి డాక్టరుగారు మూలకణాల చికిత్స గురించి చెప్పారు. ఒంట్లోంచి మూలకణాలు తీసి దాస్తారు. గట్టి మందులిచ్చి ఆ తిక్క కణాలన్నిటినీ తుడిచేస్తారు. తర్వాత దాచినవి తిరిగి ఎక్కిస్తారు. పోయింది వెనక్కి రాదు, ఉన్నది నిలబడొచ్చు. ఆ చికిత్సకి మనిషిని విడిగా ఉంచే గదులు అక్కడ రెండే ఉన్నాయి, కాబట్టి లిస్టులో ఆగాలి.

“ఇంకొక్క మాట,” అన్నారు డాక్టరుగారు. “పిలిచిన రోజున చేతికర్రతో, మధ్యలో ఆగకుండా వంద మీటర్లు నడవగలగాలి. ఆ నడక పోయాక దీనివల్ల లాభం కంటే ప్రమాదమే ఎక్కువ. మా నర్సు నెలనెలా ఫోన్ చేస్తుంది. కొత్తగా ఏమొచ్చినా ఆమెకి చెప్పండి.”

అందరం అదే మాట విన్నాం. నాకు మాత్రం ఇంకోలా వినపడింది.

మా కౌంటరు దగ్గర ఏం జరుగుతుందో నాకు తెలుసు. కాగితాలన్నీ శుభ్రంగా ఉన్న దరఖాస్తు చకచకా పోతుంది. ‘మా గోడ కింద పగులుందండీ, పక్కింటాయనతో తగువుందండీ’ అని ఎవరైనా కథ మొదలుపెట్టారంటే, ఆ కాగితం తీసి పక్కన పెడతాను. ఆ పక్కన పెట్టింది మళ్ళీ ఎప్పుడు చేతికొస్తుందో నాకే తెలియదు. ఆసుపత్రయినా ఆఫీసే కదా అనుకున్నాను.

“వదినా, ఫోన్లో ఒక్కటే మాట. బాగానే ఉందండీ. అంతకుమించి నోరు విప్పావంటే లిస్టులోంచి తీసేస్తారు.”

“ఏమొచ్చినా చెప్పమన్నారు కదే,” అంది.

“వాళ్ళు అలాగే అంటారు. మేమూ అంటాం.”

“సరే, నీకే తెలుసులే,” అంది. ఆసుపత్రికి నా ఫోను నంబరే ఇచ్చాం.

ఆఫీసు నుంచి టేపు తెచ్చి మా గేటు నుంచి వీధిలో కొలిచాను. మందుల షాపు మెట్టు దగ్గరికి సరిగ్గా వంద మీటర్లు. రోజూ సాయంత్రం నేను పక్కన నడిచేదాన్ని, వదిన కర్రతో నడిచేది. మొదట్లో అక్కడిదాకా వెళ్ళి, వెనక్కి కూడా వచ్చేసేది. మందుల షాపాయన ‘ఏమ్మా, రోజూ వచ్చి ఏమీ కొనరేం’ అని ఆటపట్టించేవాడు.

నాలుగో నెలలో ఎడమకాలు ఈడవడం మొదలైంది. మూడు వారాలపాటు పాదం నేలకి అంటుకుపోయినట్టు లాక్కుని నడిచింది. మా వీధి చివర క్లినిక్కులో ఐదురోజులు స్టెరాయిడ్ ఎక్కించారు, కొంత తేరుకుంది. ‘ఈ కాగితాలు పెద్దాసుపత్రికి పంపండి’ అన్నాడు క్లినిక్కు డాక్టరు. మడతపెట్టి నా బీరువాలో పెట్టుకున్నాను. సరిగ్గా ఆ వారమే నర్సు ఫోన్ చేసింది. ఆ రోజు నేను స్నానాల గదిలో ఉన్నాను. వదిన నా ఫోనెత్తి, “కాలు కొంచెం...” అంటోంది. తడిచేతులతో పరుగెత్తుకొచ్చి ఫోను లాక్కున్నాను.

“అబ్బే, ఏం లేదండీ. నిన్న కాస్త ఎక్కువ నడిచింది. బాగానే ఉందండీ.”

“కొత్తగా ఏమీ లేదని రాసుకోమంటారా?” అంది ఆ అమ్మాయి. ఎంత మర్యాదగా అడిగిందో.

“రాసుకోండి,” అన్నాను.

ఫోను పెట్టాక వదిన దాని తడి కొంగుతో తుడిచి పక్కన పెట్టింది. తిట్టినా బాగుండేది.

అన్నయ్యకి కోల్డ్ స్టోరేజీలో షిఫ్టు పని. ఫోను వచ్చే టైముకి ఇంట్లో ఉండడు. “కాలు సంగతి వాళ్ళకి చెప్పావా?” అని అడిగాడు. “అన్నీ చెప్పాను, ఆగమన్నారు,” అన్నాను. ఆఫీసు పనులు చెల్లెలికి వదిలేస్తే నిశ్చింత అని నమ్మిన మనిషి, ఇంకేం అడగలేదు.

తొమ్మిదో నెలలో చెయ్యి పట్టు తప్పింది. షాపులో స్క్రూలు కింద పోసుకుని, వాటిని ఏరుతూ లేవలేకపోయిందట. ఆ నెలలోనే పని మానేసింది. నర్సు ఫోన్ చేసింది. బాగానే ఉందండీ అన్నాను. మందుల షాపు మెట్టు వరకూ వెళ్ళడం కష్టమైపోయింది. మధ్యలో కరెంటు స్తంభం పట్టుకుని ఆగేది. ఎవరైనా చూస్తారని కాదు, నేను చూస్తానని సిగ్గుపడేది. “రేపు ఆగనులే,” అనేది. నేను రాత్రిళ్ళు దణ్ణం పెట్టుకునేదాన్ని, జబ్బు తగ్గాలని కాదు, ఫోను త్వరగా రావాలని.

పద్నాలుగో నెలలో వచ్చింది. ఒక గది ఖాళీ అయింది, పరీక్షలకి రమ్మన్నారు.

వదిన ఆ రోజు తల నున్నగా దువ్వుకుంది. అన్నయ్య సెలవు పెట్టి వచ్చాడు. అతన్ని కింద కౌంటరు దగ్గర అడ్మిషన్ కాగితాలు నింపమన్నారు. మమ్మల్ని మూడో అంతస్తుకి పంపారు. పొడుగాటి వరండా, నేల మీద పది మీటర్లకొక పసుపు గీత. ఫోన్లో మాట్లాడే నర్సుని మొదటిసారి చూశాను. చిన్నపిల్ల, పాతికేళ్ళు కూడా ఉండవు. “మీ గొంతు గుర్తుందండీ,” అంది నాతో. నా తల దిగిపోయింది.

వదిన నడిచింది. యాభై గీత దాకా బాగానే నడిచింది, నాకు ఊపిరి ఆడింది. అరవై దగ్గర ఎడమపాదం మడతపడింది, సర్దుకుంది. డెబ్బై గీత మీద కర్ర ఆనించి నిలబడిపోయింది. ముందుకి వంగుతోంది, కాలు మాత్రం రావడంలేదు. ‘ఇంకో మూడు గీతలే వదినా’ అని నాలో నేనే అనుకుంటున్నాను. అరగంట కూర్చోబెట్టి మళ్ళీ నడిపించారు. ఈసారి నలభై దగ్గరే ఆగింది.

డాక్టరుగారు పాత స్కాను, కొత్త స్కాను పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

“ఈ మచ్చలు పోయినసారి లేవు. ఇంతవి వచ్చినప్పుడు కాలో చెయ్యో పడిపోయి ఉండాలే. మా ఫైల్లో మాత్రం పద్నాలుగు నెలలూ నిలకడగా ఉన్నారని ఉంది.” కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. “మా దగ్గర వరస తేదీని బట్టి కాదమ్మా. జబ్బు ఎవరికి జోరుగా ఉంటే వాళ్ళని ముందు పిలుస్తాం. కొత్తగా వచ్చిందని ఒక్కసారి చెప్పి ఉంటే, రెండు నెలల్లో తీసుకునేవాళ్ళం. ఎందుకు చెప్పలేదు?”

నాలుగో నెల. అప్పటికి వదిన మందుల షాపుదాకా వెళ్ళి వస్తోంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. బల్లకింద వదిన చెయ్యి నా చేతిని పట్టుకుంది. పట్టులేని చెయ్యి, అయినా పట్టుకుంది.

“నాకే తెలియలేదండీ,” అంది. “నీరసమేమో అనుకున్నాను. తప్పు నాదే.”

“ఇప్పుడు చెయ్యలేమమ్మా,” అన్నారాయన.

బయట బెంచీ మీద కూర్చున్నాం. నాకు ఏడుపు ఆగలేదు. “ఎందుకు చెప్పనివ్వలేదు వదినా? నన్ను తిట్టు. చెప్పుచ్చుకు కొట్టు. నీ జీవితం నేను నాశనం చేశాను.”

వదిన కర్ర కొసతో దగ్గరున్న పసుపు గీతని తాకింది.

“నాకు నీ మీద కోపం లేదనుకోకు,” అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. “చాలా ఉంది. కానీ మీ అన్నయ్యకి తెలిస్తే నిన్ను మళ్ళీ గడప తొక్కనివ్వడు. ఆయనకి షిఫ్టు. రేపటి నుంచి నాకు స్నానం ఎవరు చేయిస్తారు?”

ఇంతలో అన్నయ్య కాగితాలు పట్టుకుని లిఫ్టులోంచి వచ్చాడు. అన్నీ నింపేశాడు, సంతకాలతో సహా.

ఇది జరిగి ఏడు నెలలైంది. నడక చాలక వద్దన్నారని మాత్రమే అన్నయ్యకి చెప్పాం. వదిన ఇప్పుడు మంచం నుంచి కుర్చీలోకి, కుర్చీ నుంచి మంచంలోకి. నేను రోజూ పొద్దున్నే వెళ్ళి స్నానం చేయించి, తల దువ్వి, ఆఫీసుకి పోతాను. పోలీసమ్మా అని పిలవడం మానేసింది. నీళ్ళు వేడిగా ఉన్నాయనో, చల్లగా ఉన్నాయనో చెబుతుంది, అంతే. నేను బయటికి రాగానే అన్నయ్య కాఫీ కప్పు చేతికిచ్చి, “నువ్వు లేకపోతే మా గతి ఏమయ్యేదే తల్లీ,” అంటాడు. గదిలోంచి వదినకి ఆ మాట వినిపిస్తుంది. నేను కాఫీ తాగి, కప్పు కడిగి పెట్టి వచ్చేస్తాను.