మా బావ అడగని వరస

మా బావ కంప్యూటర్లు బాగుచేస్తాడు. షాపంటూ లేదు. భుజానికి ఒక సంచి, అందులో స్క్రూడ్రైవర్లు, దుమ్ము దులిపే కుంచె, రెండు మూడు పెన్ డ్రైవులు, ఒక మోకాలి పట్టీ. ఈ చివరిది కంప్యూటర్ల కోసం కాదు, మెట్ల కోసం. ఈ వయసులో ఇంటింటికీ తిరిగే పని ఎందుకు బావా, నా ఫొటో స్టూడియోలో ఒక మూల బల్ల వేసుకుని కూర్చోరాదూ అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో.

"కంప్యూటరు నీ స్టూడియోకి వస్తుందోయ్, ఇంట్లోవాళ్ళు రారుగా. మరి నేనెవర్ని అడగను?" అంటాడు.

ఆ అడగడమే ఆయన జబ్బు. జనం పాత కంప్యూటరుని ఓ పట్టాన పారెయ్యరు. లోపలి బోర్డు మారుస్తారు, తెర మీద బొమ్మ చూపించే కార్డు మారుస్తారు, డిస్కు మాత్రం పాతదే ఉంచుకుంటారు. ఫొటోలూ కాగితాలూ అన్నీ అందులోనే ఉంటాయి మరి. తంటా అంతా అక్కడే. పీకేసిన కార్డుల్ని ఇన్నాళ్ళూ నడిపిన డ్రైవర్లు, అంటే చిన్న చిన్న ప్రోగ్రాములు, ఆ డిస్కులోనే ఉండిపోతాయి. తమ సామాను ఇంట్లో లేదన్న సంగతి వాటికి తెలియదు. కొత్తవాటికి అడ్డం పడతాయి. తెర ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది, పాట మధ్యలో నత్తి పడుతుంది. ఇంటాయన వచ్చి "కొత్తవి వేయించుకున్నాక కూడా ఇదేం ఖర్మయ్యా" అని మా బావ మీద పడతాడు.

అప్పుడు బావ పరికరాల జాబితా తెరుస్తాడు. మామూలుగా అందులో ఇప్పుడు తగిలించి ఉన్నవే కనిపిస్తాయి. దాచినవి కూడా చూపించమని నొక్కితే ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేనివన్నీ బయటికొస్తాయి, వెలిసిపోయిన రంగులో, ఒక్కోటీ ఒక్కో వరసలో. నాబోటివాడికి అప్పజెబితే టకటకా తీసిపారేసి టీ తాగేసి వస్తాడు. బావ అలా కాదు. ఇంట్లోవాళ్ళందర్నీ పిలిచి, ఒక్కొక్క వరస మీదా వేలు పెట్టి, ఇది మీ దగ్గర ఉందా, ఎప్పుడైనా తగిలిస్తారా, పోయిందా, ఎవరికైనా ఇచ్చేశారా అని ఆరా తీస్తాడు. ఒక ప్లీడరుగారు ఓపిక నశించి, "జీవితమంతా నేను జనాన్ని బోనెక్కించాను, ఇవాళ నువ్వు నన్నెక్కించావు కదయ్యా" అన్నాడట. ఆ మాట విన్నప్పట్నుంచీ నేను బావని విచారణ సంఘం అని పిలుస్తున్నాను.

"నవ్వరా నవ్వు. ఇల్లు ఖాళీ చేసి పోయినవాళ్ళూ, నాలుగు రోజులు ఊరెళ్ళినవాళ్ళూ ఇందులో ఒకే రంగులో కనిపిస్తారు. వాళ్ళలో తిరిగొచ్చేదెవరో నాకేం తెలుసు?"

సరే, ఆయన పద్ధతి ఆయనది. కాకపోతే ఒళ్ళు హూనమైపోతోంది. ఈ మధ్య ఎవరింట్లోనైనా కుర్చీలో కూర్చుంటే లేవడానికి ఇంకో మనిషి చెయ్యి కావాల్సొస్తోంది. దుమ్ముకి దగ్గు పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి కళ్ళు చింతనిప్పులే. పరాయి ఇళ్ళల్లో ఓపికంతా పోసి, ఇంటికొచ్చి అక్కతో నాలుగు ముక్కలు మాట్లాడ్డానికి కూడా నోరు పెగలదు. నాకు ఒళ్ళు మండేది అందుకే.

అక్క గురించి చెప్పాలి. అక్కకి ఎంబ్రాయిడరీ మిషను ఉంది. కంప్యూటరు మీద డిజైను గీసి కేబులు తగిలిస్తే మిషను ఆ డిజైను గుడ్డ మీద కుట్టేస్తుంది. ఒక బడి పిల్లల చొక్కాల మీద బ్యాడ్జీలన్నీ అక్కే కుట్టేది. పక్క వీధి టైలరమ్మ ఆ పని నేర్చుకుంది కూడా అక్క దగ్గరే, ఇప్పటికీ టీచరుగారనే పిలుస్తుంది. తర్వాత అక్క కుడిచేతి మణికట్టు వాచింది. గుడ్డని పట్టి ఉంచే చట్రం బిగించాలంటే ప్రాణం పోయేది. బడివాళ్ళు పని టైలరమ్మకి ఇచ్చారు. బావ మిషనుకి గుడ్డ చుట్టి అటక మీదికి ఎక్కించాడు, ఇక విశ్రాంతి తీసుకో అని. అక్క ఏమీ అనలేదు. అనకపోతే సరేనన్నట్టే అనుకున్నాడు బావ.

ఆ మధ్య ఎవరో వద్దనుకున్న బోర్డు ఒకటి బావ తెచ్చి ఇంటి కంప్యూటరులో వేశాడు. పరాయి ఇళ్ళ కంప్యూటర్లన్నీ చకచకా నడుస్తుంటే సొంత కంప్యూటరు మాత్రం నత్తి కొడుతూ కూర్చుంది. ఇవాళ చూస్తా రేపు చూస్తా అంటూ వారం నెట్టుకొచ్చాడు. చివరికి అక్కే "రేపు సాయంత్రానికి నాకు కంప్యూటరు కావాలండీ" అంది. ఎందుకని బావ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి బావ అప్పుడే ఎవరో పళ్ళ డాక్టరుగారి మేడ దిగి వచ్చాడు. అక్కడ లిఫ్టు పాడైందట. మోకాలి పట్టీ కూడా విప్పకుండా కంప్యూటరు ముందు కూలబడ్డాడు. అక్క డాబా మీద బట్టలు ఆరేస్తోంది. జాబితాలో వెలిసిన వరసలు బారులు తీరి ఉన్నాయి. పాత తెరలు, పాత మౌసులు, చచ్చిపోయిన ప్రింటరు, కేబుళ్ళు తగిలించే ఏవో పోర్టులు.

"ఏం విచారణ సంఘం, అక్కని పిలవనా?" అన్నాను.

"మనింట్లో ఏముందో నాకు తెలీదట్రా?"

ఒక్కో వరసా దాని డ్రైవరుతో సహా తీసేసుకుంటూ పోయాడు. ఎక్కడా వేలు ఆగలేదు. కంప్యూటరుని ఆపి మళ్ళీ వెలిగిస్తే తెర కడిగినట్టుగా వచ్చింది, పాట సాఫీగా పాడింది. "హమ్మయ్య, మీ అక్క అడిగిన పని అయింది" అని వెళ్ళి నడుం వాల్చాడు.

అక్క కిందికొచ్చి, చేతులు తుడుచుకుని, "తమ్ముడూ, అటక మీంచి మిషను దించి పెట్టవా" అంది.

నేను తెల్లబోయాను. "దేనికక్కా?"

"బడివాళ్ళు మళ్ళీ వచ్చారు. నమూనా బ్యాడ్జీ రేపు పొద్దున్నే చూపించమన్నారు. నచ్చితే ఏడాది పని నాదే." ముఖం వెలిగిపోతోంది. "మీ బావకి ముందే చెప్తే వద్దంటారని చెప్పలేదు."

మిషను దించాను. అక్క గుడ్డ విప్పి, చీరకొంగుతో దుమ్ము తుడిచి, కేబులు తగిలించింది. తగిలించింది పనిచెయ్యడం లేదంటూ తెర మీద పసుపు త్రికోణం వచ్చింది. తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ త్రికోణమే. "ఏవండీ" అని పిలిచింది.

బావ వచ్చి చూశాడు. చూస్తుండగానే ఆయన ముఖం పాలిపోయింది. పోర్టు అని తీసేసిన వరసల్లో ఒకటి ఆ మిషను కేబులుది. దాని కొత్త డ్రైవరు దానంతటదే వచ్చి కూర్చుంది గానీ, కొత్తది ఈ పాత కేబుల్ని ఒప్పుకోదు, పాతదే కావాలి. ఆ మిషను చేసినవాళ్ళు ఎప్పుడో దుకాణం కట్టేశారు. దాంతో వచ్చిన డ్రైవరు సీడీ రెండు ముక్కలై చాలా కాలమైంది. ఆ పాత డ్రైవరుని ఇన్నేళ్ళూ కంటికి రెప్పలా కాపాడుకొచ్చింది కూడా బావే.

"మిషను అటకెక్కింది కదా, అయిపోయిందనుకున్నాను" అన్నాడు మెల్లగా.

"ఏది అయిపోయిందనుకున్నారు? మిషనా, నేనా?"

అక్క గొంతు పెంచలేదు, అదే ఎక్కువ బాధనిపించింది. కేబులు చుట్ట చుట్టి మిషను మీద పెట్టింది. "ఊరందర్నీ పేరుపేరునా అడుగుతారు. వాళ్ళ పాత మౌసు గురించి అడుగుతారు. నన్ను ఒక్క మాట అడిగితే ఏం పోయింది?"

"టైలరమ్మదీ ఇలాంటి మిషనే, ఆవిడ కంప్యూటరులో ఆ డ్రైవరు నేనే వేశాను. ఉండి ఉంటుంది. వెళ్ళి తెస్తాను" అన్నాడు బావ.

"వద్దు. ఆవిడ చేతిలో పని లాక్కోడానికి ఆవిడ దగ్గరికే వెళ్తారా? పోతే పోనివ్వండి. నాకూ ఓపిక లేదు."

బావ అప్పటికే సంచి అందుకున్నాడు. నేను వెంట వెళ్ళాను. టైలరమ్మ ఇంటి మెట్ల దగ్గర బావ ఆగి, గోడ పట్టుకుని, కాలు మార్చి కాలు ఎక్కాడు. నాకెప్పుడూ ఆయన్ని ఆటపట్టించాలనిపించేది. ఆ మెట్ల మీద ఏమీ అనబుద్ధి కాలేదు.

టైలరమ్మ కుడుతున్న చొక్కా పక్కన పెట్టి లేచింది. బావ జరిగింది దాచలేదు. బడి సంగతీ చెప్పాడు, తన తప్పూ చెప్పాడు, డ్రైవరు కాపీ చేసుకోనిస్తావా అమ్మా అని అడిగాడు. ఆ బడి పోతే తనకెంత లోటో ఆవిడకి తెలుసు.

"టీచరుగారు మళ్ళీ కుడుతున్నారా బాబాయ్?"

"కుడతానంటోంది."

"ఈసారి బడివాళ్ళు నాతో ముఖం చాటేస్తుంటే ఎందుకా అనుకున్నాను." కుర్చీ మీది బట్టలు తీసింది. "కూర్చోండి. కాపీ చేసుకోండి. నేను కంప్యూటరు ముట్టుకోడానికే భయపడుతుంటే వేలు పట్టి నేర్పిన మనిషి ఆవిడ. కాదని ఏ మొహంతో అనను?"

తిరిగొచ్చేసరికి అక్క మిషనుకి మళ్ళీ గుడ్డ చుట్టేసి, వంటింట్లో ఊరికే గిన్నెలు సర్దుతోంది. బావ ఆ గుడ్డ విప్పాడు. కొత్త డ్రైవరు తీసి, పాతది వేసి, కేబులు తగిలించాడు. త్రికోణం పోయింది. వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"టైలరమ్మ ఇచ్చింది. ఏ కేబులూ ఏ వరసా నిన్ను అడక్కుండా తియ్యను ఇక. వచ్చి చూడు."

అక్క చేతిలో గిన్నె పక్కన పెట్టింది. తర్వాత వచ్చి, చట్రంలో గుడ్డ పెట్టి, మర బిగించబోయి నొప్పిని పళ్ళ బిగువున ఓర్చుకుంటూ ఆగింది. నేను ముందుకి వెళ్ళబోయాను గానీ బావ అడ్డొచ్చి తనే బిగించాడు. అక్క మీట నొక్కింది. సూది టకటకమంటూ కదిలింది, గుడ్డ మీద ఎర్రదారం గీత మొదలైంది.

బావ వెళ్ళి పడుకుంటాడనుకున్నాను. పడుకోలేదు. స్టూలు లాక్కుని అక్క పక్కన కూర్చున్నాడు. పొద్దున్నుంచీ మెట్లెక్కిన మనిషి, కళ్ళు మూతలు పడుతున్నాయి. అలాగే కూర్చుని, పరాయి ఇళ్ళల్లో అడిగే గొంతుతోనే అడిగాడు.

"చెయ్యి ఎలా ఉంది?"

మిషను అటకెక్కించిన రోజున అడగాల్సిన మాట అది. అక్క సూది మీంచి చూపు తిప్పలేదు. కళ్ళలో నీళ్ళు మాత్రం తిరిగాయి.

"నొప్పిగానే ఉంది. అయినా కుట్టాలనుంది" అంది. "ఆ అంచు కాస్త పట్టుకోండి, బరువుకి లాగుతోంది."

బావ రెండు చేతులతో అంచు పట్టుకున్నాడు.