మామ తట్టలో మణుగూరుకు

పిల్లులంటే నాకు మొదటినుంచీ పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే ఇదంతా చదివి నేనేదో మూగజీవాల మీద ప్రాణం పెట్టే మనిషిననుకుంటారు. పాలగిన్నె మీద మూత పెట్టడం మరిచిపోయిన రోజున నా నోరు ఎంత దూరం వినపడేదో మా బొగ్గుగని క్వార్టర్ల లైన్లో ఎవరినడిగినా చెబుతారు. అయినా సరే, ఒక పిల్లిని గోదావరిఖని నుంచి మణుగూరు దాకా అడవుల గుండా కారులో తీసుకుపోయాను. ఎందుకు తీసుకుపోయానో చెప్పాలంటే మా అత్తమ్మ గురించి చెప్పాలి.

నాకు ఊహ తెలిసేసరికే మా అమ్మ లేదు. పెళ్ళయి గోదావరిఖని క్వార్టరులోకి వచ్చినప్పుడు నాకు పప్పు పొంగకుండా వండటం కూడా రాదు. అన్నీ అత్తమ్మే నేర్పింది, ఒక్కసారి కూడా మొహం చిట్లించకుండా. నా ఇద్దరు పిల్లలనూ కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది ఆమే. నేను కుట్టుమిషను ముందు కూర్చుని లైనందరి జాకెట్లూ కుట్టగలిగానంటే, వెనక ఆమె ఉంది కాబట్టే. ఇవన్నీ ఆమెతో ఎప్పుడైనా అన్నానా అంటే, లేదు. మా ఇళ్ళలో అట్లాంటి మాటలు ఎదురుగా అనుకునే అలవాటు లేదు.

మా మామ కోల్ ఫిల్లరు. తవ్విన బొగ్గును తట్టలకెత్తి, నెత్తిన పెట్టుకుని పట్టాల మీది టబ్బుల్లో పోసే పని. రిటైరయ్యాక ఎక్కువ కాలం బతకలేదు. ఆయన పోయాక అత్తమ్మకు ఒక్కతే కూర్చుని తినడం చేతకాలేదు. మేమందరం కలిసి కూర్చుందామంటే మా ఆయన షిఫ్టులు, పిల్లల బడి, నా మిషను ఎప్పుడూ అడ్డమొచ్చేవి. ఆ రోజుల్లోనే పసుపు చారల పిల్లి ఒకటి మా వంటింటి గడపలో చేరింది. ఆమె కంచం ముందు కూర్చునేది. మొదటి ముద్ద దానికి పెట్టి, రెండోది తను తినేది. పిల్లి రాని పూట కంచం అట్లాగే ఉండేది. నేను ఆ పిల్లిని ఎంత తిట్టినా తరిమెయ్యలేదంటే కారణం ఇదే.

ఇంకా తెలంగాణ రాలేదు అప్పటికి. మా ఆయన పనిచేసే గనిలో బొగ్గు అయిపోవచ్చి, మనుషుల్ని తలో దిక్కుకూ బదిలీ చేస్తున్నారు. ఆయనకు మణుగూరు పడింది. మా లైన్లలో ఒక పద్ధతుంది. క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు పెరట్లో జామచెట్టునూ, నల్లానూ వదిలినట్టే పిల్లినీ వదిలేస్తారు. తర్వాత వచ్చిన వాళ్ళు దాన్ని సాకుతారు. అందుకే పిల్లి సంగతి మేమెవరం ఆలోచించనే లేదు. సామాను కట్టడం మొదలుపెట్టిన రోజున అత్తమ్మ మంచమ్మీద కూర్చుని చల్లగా చెప్పింది.

"పిల్లిని ఇడిచి నేను యాడికి రాను. మీరు పొండ్రి. నేను మా తమ్ముని కాడ ఉంట."

"గా పిల్లి కోసం గింత లొల్లా అవ్వా? మణుగూరుల పిల్లులుండయా?" అన్నాడు మా ఆయన నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. వాళ్ళ తమ్ముడు మంచివాడే, కానీ ఆ ఇంట్లో ఆమెకు పనిమనిషి బతుకు తప్ప ఇంకేం ఉంటుంది? ఇక ఆమె లేకుండా కొత్త ఊళ్ళో నేనెట్లా బతకాలి? ఆమె మాతో రావాలంటే పిల్లి రావాలి, అంతే. ఆ క్షణం నుంచి ఆ దిక్కుమాలిన పిల్లి నా నెత్తి మీద బరువైంది.

అనుకోకుండా పెద్దపల్లిలో ఒక పెళ్ళి వచ్చింది. అలవాటు చేసినట్టుంటుందని పిల్లిని కూడా తీసుకుపోదామన్నాను. పక్క క్వార్టరు అన్న కారు బాడుగకు తిప్పేవాడు. అందరూ చేసే పద్ధతిలోనే మా ఆయన దాన్ని గోనె బస్తాలో వేసి మూతి కట్టాడు. బయల్దేరిన దగ్గర్నుంచీ ఒకటే అరుపు. సగం దూరంలో, నీళ్ళు తాగిద్దామని చెట్టు కింద కారు ఆపి, తలుపులన్నీ బార్లా తెరిచి, బస్తా మూతి విప్పాం. మా అంత తెలివైన వాళ్ళు ఇంకెవరుంటారు? పిల్లి మా ఆయన చెయ్యి గీరి, ఒక్క దూకులో మక్కచేన్లో పడింది. అత్తమ్మ చేను గట్టు మీద కూర్చుని పిలిచీ పిలిచీ గొంతు పోగొట్టుకుంది. అది వచ్చేసరికి అక్కడ పెళ్ళి భోజనాలు అయిపోయాయి. ఎండలో మాడిపోయి వెనక్కి తిరిగి వచ్చాం.

"మీతోని గాదు," అంది అత్తమ్మ. ఆ మాట కోపంతో అని ఉంటే నాకంత బాధ ఉండేది కాదు. అలిసిపోయి అంది.

నాకు మొండితనం ఎక్కువ. బస్తా ఇక వద్దని ముందు తేల్చేశాను. అటక మీద మామ తట్టలు రెండుండేవి, వెదురువి. ఆయన జ్ఞాపకమని అత్తమ్మ పారెయ్యనివ్వలేదు. ఒక తట్టను కడిగి ఎండబెట్టి, అత్తమ్మ పాత చీర మడిచి అందులో పరిచి, ఆమె మంచం కింద పెట్టాను. రెండోది దాని మీద బోర్లిస్తే మూతవుతుంది. తాడుతో కడితే గాలి ఆడుతుంది, పిల్లి మాత్రం బయటికి రాదు. అత్తమ్మను దాని అన్నం ఆ తట్టలోనే పెట్టమన్నాను. మొదట్లో ముందుకాళ్ళు మాత్రం లోపల పెట్టి తిని పారిపోయేది. మెల్లగా అందులో ముడుచుకుని పడుకోవడం మొదలుపెట్టింది.

తర్వాత కారు. పక్కింటి అన్న సాయంత్రాలు బాడుగ లేనప్పుడు కారు మా గుమ్మం ముందే పెట్టేవాడు. అత్తమ్మ వెనక సీట్లో కూర్చుని, తట్ట పక్కన పెట్టుకుని, పిల్లికి పాలన్నం పెట్టేది. మొదట బండి కదలకుండా. తర్వాత ఇంజను ఆన్ చేసి. ఆ తర్వాత మూత కట్టి లైను చివరిదాకా, చౌరస్తా దాకా, ఆఖరికి గోదావరి వంతెన దాకా పోయి రావడం. డీజిలు ఖర్చవుతుందని నేను మొహమాటపడితే అన్న కొట్టిపారేసేవాడు. "పెద్దమ్మ ఎన్నడన్న కార్ల షికారు తిరిగిందా వదినా? గిట్లనన్న తిరగనియ్యి," అనేవాడు. లైన్లో ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి, "ఏంది, పిల్లికి డ్రైవింగు నేర్పిస్తున్నరా?" అని ఆటపట్టించేవాళ్ళు. నేనూ నవ్వేదాన్నే గానీ, లోపల నా ఫికర్ నాకుండేది.

ఒక చిక్కు మిగిలింది. ప్రయాణం రోజున, ఇల్లంతా గందరగోళంగా ఉన్నప్పుడు, అది సరిగ్గా సమయానికి తట్టలో ఉండాలి కదా. దీనికి ఉపాయం నేనే కనిపెట్టాను, కొంచెం గర్వంగానే చెబుతున్నాను. మా లైన్ల వెనక, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక సైరన్ కూస్తుంది, ఆ వెంటనే మందుపెట్టి పేల్చే బ్లాస్టింగు. నేల అదిరి, వంటింటి స్టాండులో స్టీలు గిన్నెలన్నీ గలగలమంటాయి. మాకు అలవాటే, మాట కూడా ఆపం. పిల్లికి మాత్రం ప్రాణాలు పోయేవి. ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి మంచం కింద తట్టలో దూరేది. కాబట్టి సరిగ్గా ఆ వేళకు బయల్దేరాలి. సైరన్ కూస్తుంది, పిల్లి తట్టలో దూరుతుంది, నేను మూత వేస్తాను. లెక్క తప్పే ప్రసక్తే లేదు.

మా ఆయన పిల్లలతో కలిసి సామాను లారీలో ముందురోజే వెళ్ళిపోయాడు. మరుసటి రోజు చర్చిలో ఆరాధన అయ్యాక పెద్దలు మా కోసం ప్రయాణ ప్రార్థన చేశారు. ఆమెన్ అనబోతుంటే అత్తమ్మ మెల్లగా, "పిల్లిని గూడ యాది చేసుకో ప్రభువా," అంది. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. ఇంటికొచ్చి, పక్కింటి అన్న వాళ్ళు పెట్టింది తిన్నాం. పిల్లికి పొద్దుటినుంచి నీళ్ళు తప్ప ఏమీ పెట్టలేదు, కడుపు నిండుగా ఉంటే దారిలో కక్కుతుందని. కారు గుమ్మం ముందుంది. అత్తమ్మ తట్ట పక్కన, నేను మూత చేత్తో పట్టుకుని. పిల్లి సజ్జ మీద కూర్చుని మమ్మల్ని చూస్తోంది.

వేళ దాటింది. సైరన్ లేదు. ఇంకాసేపు చూశాం.

"ఇయ్యాల ఆలస్యమైనట్టుంది అన్నా," అన్నాను.

అన్న నా మొహంలోకి చూసి, తల కొట్టుకుని, "వదినా, ఇయ్యాల ఐతారం. బ్లాస్టింగ్ ఏడుంటది?" అన్నాడు.

ఇన్నేళ్ళు గని పక్కన కాపురం చేసి, అప్పుడే చర్చినుంచి వచ్చి, ఆదివారం మోత ఉండదన్న సంగతి మరిచిపోయాను. అది లేకపోవడమూ మాకు అలవాటే మరి. చేప చూపించాను, పిలిచాను, తిట్టాను. పిల్లి సజ్జ దిగలేదు. అత్తమ్మ మెల్లగా తన గుడ్డల సంచి తీసి పక్కన పెట్టుకుంది. "మీరు పొండ్రి బిడ్డా. నేను రేపు తమ్మునికి కబురు చేస్త," అంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు తట్టింది. పిల్లి భయపడేది సైరన్‌కు కాదు, గిన్నెల చప్పుడుకు; అవి గలగలమన్నాకే అది ఎప్పుడూ పరుగెత్తేది. కానీ మా గిన్నెలన్నీ లారీలో ఎప్పుడో మణుగూరు చేరాయి. మాకూ పక్కింటికీ నడుమ ఒకటే గోడ. పరుగున పోయి అన్న భార్యకు చెప్పాను. ఆ అక్క ఏమిటీ ఎందుకూ అని అడగలేదు, చీర చెంగు బొడ్లో దోపుకుని తన స్టాండును రెండు చేతులా పట్టుకుని ఊపింది. అటువైపు క్వార్టరు వాళ్ళు ఏమైందోనని వచ్చి, సంగతి విని, పళ్ళేలు పట్టుకుని తామూ మొదలుపెట్టారు. ఖాళీ ఇంట్లో ఆ మోత అసలు బ్లాస్టింగునే మించిపోయింది. పిల్లి సజ్జ మీంచి ఒక్క దూకు దూకి తట్టలో పడింది. నేను మూత వేసి దాని మీద ఇంచుమించు పడుకున్నాను. గోడ అవతల సొట్టపడ్డ గిన్నెలెన్నో నాకు తెలియదు. వాళ్ళెవరూ చెప్పలేదు, నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

మంథని దాకా పిల్లి అరుస్తూనే ఉంది. అన్న హారన్ ముట్టుకోలేదు, గుంతల దగ్గర ఎడ్లబండి కన్నా మెల్లగా పోనిచ్చాడు. పాట పెట్టలేదు. తట్ట మీద తడిగుడ్డ కప్పాం, చీకటిగా చల్లగా ఉంటుందని. కాటారం దాటాక అరుపు ఆగిపోయింది. చచ్చిందేమోనని భయమేసి సందులోంచి వేలు పెట్టాను, కసుక్కున కొరికింది. ఏనాడూ అంత సంతోషంగా నొప్పి పడలేదు. భూపాలపల్లి దగ్గర నురగ కక్కింది. ఈసారి అద్దాలు ఎక్కించి, తలుపులు లాక్ చేసి, అప్పుడే మూత కొంచెం ఎత్తి తుడిచాను. దాన్ని తుడిచి తలెత్తేసరికి అత్తమ్మ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఆమెకూ వాంతి వస్తోంది, చెబితే బండి ఆపాల్సి వస్తుందని పళ్ళు బిగించుకుని కూర్చుంది. తట్టను సీటు మీద భద్రంగా పెట్టి, ఆమెను దింపి, నుదురు పట్టుకున్నాను. వాంతయ్యాక కూడా ఆమె నా కొంగు వదలలేదు. ఇన్నేళ్ళూ ఆ లైను దాటి ఇంత దూరం పోలేదామె. పిల్లి భయం గురించి ఇన్ని రోజులు ఆలోచించినదాన్ని, ఆమె భయం ఇంత దగ్గరగా అప్పుడే చూశాను.

ఆ తర్వాత ఆమె తల నా భుజం మీద, తట్ట నా ఒళ్ళో. ములుగు అడవులంతా అట్లాగే దాటాం. చీకటి పడ్డాక మణుగూరు చేరాం.

కొత్త క్వార్టరులో ఒక గదిని పిల్లికి ఇచ్చేశాం. తలుపు మూసి, ఒక మూల ఇసుక డబ్బా, ఒక మూల తట్ట, అందులో అదే చీర. ఉతకొద్దని మాత్రం గట్టిగా చెప్పాను, ఆ చీర వాసనొక్కటే దానికి తెలిసిన ఊరు. అది నా మిషను వెనక దూరి కొన్నాళ్ళు సరిగా తినలేదు. అత్తమ్మ గోడకానుకుని నేల మీద కూర్చుని ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది. ఒక పొద్దున నేను చూస్తుండగా అది బయటికొచ్చి, ఆమె చేతి ముద్ద తిని, ఆమె కాళ్ళ దగ్గర ఒళ్ళు నాక్కుంటూ కూర్చుంది. ఆ పూట ఆమె కడుపునిండా తింది.

ఆ వారంలోనే అనుకుంటా. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. చిన్న క్వార్టరు, ముందు మాట్లాడితే వెనక్కి వినపడుతుంది. అత్తమ్మ ముందు అరుగు మీద బియ్యం ఏరుతోంది. పక్కింటామె వచ్చి పలకరించి, కిటికీలో పిల్లిని చూసి నవ్వింది. "పిల్లినెందుకు తెచ్చుకున్నరు గంత దూరం నుంచి? గింత తిప్పలవడి?" అంది.

 చాటలో బియ్యం చప్పుడు వినపడింది.

"ఆయన పోయినంక నాకొకటే భయముండె," అంది అత్తమ్మ. "ఏడికన్న పొయ్యేటప్పుడు నన్ను యాడనో ఒకకాడ ఇడిచిపోతరేమోనని. అడిగెటట్టు లేదు, అడుగకుంట ఉండెటట్టు లేదు. పిల్లిని ఇడిచి రాననుకుంట మొండికేసిన. మా కోడలికి పిల్లంటె పడదు. అయిన గూడ ఒళ్ళె పెట్టుకోని తెచ్చింది." చాట ఒకసారి చెరిగింది. "పిల్లినే ఇడువలేదు. నన్నేం ఇడుస్తది?"

తడిబట్ట చేతిలో పట్టుకుని నేను అక్కడే నిలబడ్డాను. అరుగు మీదికి పోయి ఏదో ఒకటి చెప్పాలనిపించింది, ఇన్నేళ్ళవీ అన్నీ. కానీ మిగిలిన బట్టలు ఆరేశాను. ఆ మధ్యాహ్నం మిషను ఆపి, నా కంచం తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాను.