పన్నెండు తలుపుల వంటిల్లు

“...తలుపు కాదు మాస్టర్, గోడ కట్టి పోయావు! పట్టుకుని లాగితే పిడి ఊడి చేతికొచ్చింది!” సెర్వా మేడమ్ ఆ పిడిని వడ్రంగి ట్వుమాసి ముందున్న బల్ల మీద ఠప్పున పెట్టింది.

“కాస్త నెమ్మదిగా లాగాలి మేడమ్.”

“నెమ్మదిగానా? మా కోడలు గోడకి కాలు తన్నిపెట్టి లాగింది. శనివారం మనవడికి పేరు పెడుతున్నాం. ఎనభైమంది వస్తారు. పళ్ళేలన్నీ నీ అలమారల్లోనే ఉన్నాయి. చుట్టాలకి అరచేతుల్లో వడ్డించమంటావా?”

“ఎన్ని తలుపులు బిగుసుకున్నాయి?”

“తెరుచుకునేవి ఎన్నని అడుగు, చెప్తాను. పన్నెండుకి రెండు. జనవరిలో ఏమన్నావు? ‘సందులో బ్లేడు కూడా దూరదు, చూసుకోండి’ అన్నావు. నిజమే నాయనా, ఇప్పుడు గాలి కూడా దూరడం లేదు.”

షెడ్డు చివర పెద్దమనుషులు కూర్చునే కుర్చీకి ఇత్తడి మేకులు కొడుతున్న ట్వుమాసి కూతురు అఫ్రియే సుత్తి ఆపింది. తండ్రి వైపు ఒకసారి చూసి, మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది.

“రేపు పొద్దున్నే రా. రాకపోయావో, గొడ్డలి ఉన్నవాణ్ణి పిలిపిస్తాను,” అని సెర్వా మేడమ్ గొడుగు విప్పుకుని వానలోకి దిగిపోయింది.

ట్వుమాసి ఆ పిడిని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పుతూ కూర్చున్నాడు.

అరవై ఏళ్ళకు రెండు తక్కువ అతనికి. కుమాసీ ఊళ్ళో కుర్చీ అంటే అతని కుర్చీయే. వెడల్పాటి తోలు సీటు, వీపు నిండా ఇత్తడి మేకుల ముగ్గు. కులపెద్దగా ఎవరిని కూర్చోబెట్టినా ముందు ట్వుమాసికి కబురు వచ్చేది. వంటిళ్ళ పని ఈమధ్య అలవాటైనదే. ఆడవాళ్ళు ఫోనుల్లో బొమ్మలు చూపించి, నాకూ ఇలాంటి గట్టు, ఇలాంటి అలమారలు కావాలనడం మొదలుపెట్టాక, వచ్చిన పని ఎందుకు పోగొట్టుకోవాలని ఒప్పుకున్నాడు. ముప్పై ఏళ్ళలో అతను చేసిన సామాను ఒక్కటీ తిరిగి షెడ్డుకు రాలేదు.

ఆ షెడ్డు మేనమామది. అక్కడి ఆచారంలో మగవాడి ఆస్తి కొడుక్కి కాక మేనల్లుడికే పోతుంది కనుక, ఆయన పోయాక ట్వుమాసి చేతికి వచ్చింది. మామ కొడుకు పదేళ్ళు అక్కడే రంపం లాగినవాడు. కర్మలు ముగిసిన మర్నాడు తన ఉలులు సంచిలో వేసుకుని షెడ్డు వదిలి వెళ్ళిపోయాడు. మామ బతికుండగానే నలుగురి ముందు షెడ్డు కొడుక్కి ఇచ్చి, ఇచ్చినదానికి గుర్తుగా అతని చేతి నుంచి ఒక సారా సీసా పుచ్చుకుని ఉంటే ఎవరూ కాదనేవారు కారు. రేపు చూద్దాం, రేపు చూద్దాం అంటూ ఆయన పోయాడు. ఇప్పుడు ట్వుమాసికి మేనల్లుడు ఆంత్వి ఉన్నాడు. మంచివాడే. సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. చిత్రిక ఏ చేత్తో పట్టుకోవాలో తెలియదు.

ట్వుమాసిని ఇప్పుడు భయపెడుతున్నది మాత్రం తలుపులు బిగుసుకోవడం కాదు. జనవరిలో తనే అన్న ఒక మాట.

అప్పుడు ఎడారి వైపు నుంచి పొడిగాలి వీస్తోంది. పెదవులు పగిలే కాలం. చెక్క బాగా ఎండి, కుదించుకుపోయి ఉంటుంది. తలుపులు పెట్టిన మూడోనాడే సెర్వా మేడమ్ వచ్చి, పెరట్లో ఫుఫు ముద్దకి ఉడికిన దుంపలు దంచుతుంటే రోకటి పోటు పోటుకీ తలుపు చట్రాల్లోని పలకలు టకటకమంటున్నాయని, ఇల్లంతా పళ్ళు కొరుకుతున్నట్టుందని గొడవ పెట్టింది. అతనికి పౌరుషం వచ్చింది.

“తలుపులు విప్పి, పలకలు గాడిలో బంక పెట్టి బిగించెయ్,” అన్నాడు కూతురితో.

“వానలొస్తే పలక ఉబ్బుతుంది నాన్నా. కదలడానికి చోటుండాలి. నువ్వే కదా చెప్పావు?”

“వానల సంగతి వానల్లో చూద్దాం. ముందు ఆవిడ నోరు ఆగాలి. బంక పెట్టు.”

అని, దూరపు చుట్టం చావుకని ఊరెళ్ళాడు. వచ్చేసరికి చప్పుడు లేదు. సెర్వా మేడమ్ మెచ్చుకుంది. తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

బంకతో బిగిసిన పలక ఉబ్బితే పోవడానికి దారుండదు. చట్రాన్ని నెట్టి మూలల అతుకులు చీలుస్తుంది. అదే జరిగి ఉంటే పన్నెండు తలుపులూ మళ్ళీ చెయ్యాలి. అంత ఎండిన ఓడుమ్ చెక్క శనివారంలోగా ఎక్కడా దొరకదు. దొరికినా, ట్వుమాసి తలుపులు పగిలాయన్న మాట ఎనభైమంది నోళ్ళతో ఊరంతా తిరుగుతుంది.

మర్నాడు పొద్దున్న తండ్రీ కూతురూ చిత్రిక, ఉలులు పట్టుకుని వెళ్ళారు. సెర్వా మేడమ్ వంటింట్లో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ట్వుమాసి తెరుచుకునే తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ముందు మూలలు తడిమి చూశాడు. నాలుగు అతుకులూ బిగువుగానే ఉన్నాయి. నమ్మకం కలగలేదు. సన్నని చాకు తీసి పలకకూ గాడికీ మధ్య దూర్చాడు. చాకు మొన లోపలికి దిగి, మెత్తటిదేన్నో తాకింది. పైకి లాగితే మొనకు నల్లటి తునక అంటుకుని వచ్చింది. పలక మీద బొటనవేలు పెట్టి నెట్టాడు. అది వెంట్రుకవాసి జరిగి, మళ్ళీ తన చోటికి వచ్చింది.

“ఏమిటిది?”

“సైకిల్ ట్యూబు,” అంది అఫ్రియే, చిత్రిక బ్లేడు సరిచేసుకుంటూ. “సన్నగా కోసి అన్ని తలుపుల గాడుల్లోనూ పెట్టాను. పలకకి చోటూ ఉంటుంది, చప్పుడూ రాదు.”

“బంక పెట్టమన్నాను కదా.”

“అన్నావు.”

“పెట్టానని చెప్పావు కూడా.”

“చెప్పలేదు. బంక పెట్టావా అని నువ్వడగలేదు. చప్పుడు ఆగిందా అన్నావు. ఆగిందన్నాను.”

ట్వుమాసి నేల మీదే చతికిలబడ్డాడు. నవ్వు వచ్చింది.

“నవ్వుతున్నావా? నా పళ్ళేలు బయటికి రాకుండానే?” అంది సెర్వా మేడమ్.

“వస్తాయి మేడమ్. తప్పు నాదే. పొడిగాలిలో బ్లేడు దూరనంత బిగువుగా పెట్టాను. వానలకి ఉబ్బడానికి కాస్త సందు ఉంచాల్సింది. అంచులు కాస్త చిత్రిక పడితే చాలు.”

ఒక్కో తలుపు ఉలితో నెమ్మదిగా ఎత్తి, బందులు విప్పి, పెరటి అరుగు మీద నిలబెట్టారు. అఫ్రియే చిత్రిక లాగుతుంటే ఎర్రటి పొరలు చుట్టలు చుట్టలుగా కాళ్ళ దగ్గర పడుతున్నాయి. ట్వుమాసి ఊడిన పిడిని తనే బిగించాడు. మధ్యాహ్నానికి పన్నెండు తలుపులూ వేలితో తాకితే తెరుచుకునేటట్టు అయ్యాయి. కోడలు పళ్ళేలన్నీ దించి ఎంచి, ఒక్కటీ పగల్లేదని కేకేసింది. పెరట్లో ఫుఫు దంచడం మొదలైంది. రోకటి పోటుకు గట్టు అదిరింది కానీ పలకలు పలకలేదు.

“తిని వెళ్ళండి ఇద్దరూ,” అంది సెర్వా మేడమ్. “గొడ్డలి మాట మర్చిపో మాస్టర్.”

తిని చేతులు కడుక్కున్నాక ట్వుమాసి చిత్రికను గుడ్డలో చుట్టాడు. దాన్ని తన సంచిలో పెట్టుకోకుండా కూతురి సంచిలో పెట్టాడు.

“ఆదివారం మీ అత్తనీ, ఆంత్వినీ షెడ్డుకి రమ్మను,” అన్నాడు. “ఇద్దరు పెద్దల్ని నేను పిలుస్తాను. నువ్వొక సీసా తెచ్చి నలుగురి ముందు నా చేతికియ్యి. షెడ్డు నీకిచ్చేస్తున్నాను.”