లెన్ అంకుల్ చూపించిన పోర్ట్ ఆఫ్ స్పెయిన్

1989 చివర్లో నేను సిడ్నీ పక్కన పారమట్టాలో ఒక ట్రావెల్ ఏజెన్సీలో పనిచేసేదాన్ని. మాది గుంటూరు. పెళ్ళయి ఇక్కడికొచ్చాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అదే. ఆ రోజుల్లో టికెట్ కావాలంటే ఎవరైనా మా కౌంటర్‌కి రావలసిందే. ఎదురుగా కూర్చుని, గోడ మీది పోస్టర్లు చూస్తూ, ఎక్కడికెళ్ళాలో, అక్కడ ఏం చూడాలో మమ్మల్నే అడిగేవారు. ఆ ఏడు మా యజమాని కొత్తగా ఒక గ్రూప్ టూర్ పెట్టాడు. కరీబియన్ సముద్రంలోని ట్రినిడాడ్ దీవికి రాజధాని, పెద్ద రేవు పట్నం అయిన పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కి, సరిగ్గా అక్కడి కార్నివాల్ పండగ సమయానికి. దానికి నన్ను ఎస్కార్ట్‌గా వేశాడు. ఎస్కార్ట్ అంటే గ్రూపుతో పాటే వెళ్ళి విమానాలు, హోటళ్ళు, తప్పిపోయిన పెట్టెలు అన్నీ చూసుకునే మనిషి. ఆ ఊరిని నేను మ్యాపులో తప్ప చూసి ఎరగను.

ఆ టూర్‌కి మొదట పేరిచ్చింది లెన్. డెబ్బై దాటిన నల్లజాతి పెద్దమనిషి. పుట్టింది పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోనే. కుర్రతనంలో ఓడ మీద ఫిట్టర్‌గా సిడ్నీ వచ్చి, ఇక్కడి అమ్మాయిని చేసుకుని ఉండిపోయాడట. మళ్ళీ ఒక్కసారి కూడా వెనక్కి వెళ్ళలేదు. ఇక్కడ అందరూ లెన్ అనే పిలిచేవారు గానీ, అంత పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. అంకుల్ అన్నాను. ఆయన నన్ను మిస్ రూత్ అన్నాడు.

వారం తిరక్కుండా ఆయన కూతురు డెనీస్ వచ్చింది. ప్రైమరీ స్కూల్ టీచర్. కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"మా నాన్నకి ఆ టికెట్ ఇవ్వకండి, ప్లీజ్. ఆయనకి గ్లాకోమా."

మన వైపు నీటికాసులు అంటామే, ఆ జబ్బు. పక్క చూపు అప్పటికే పోయిందట. ఎదురుగా గొట్టంలోంచి చూసినంత మేర మాత్రం కనిపిస్తుంది. పొద్దు వాలితే అదీ ఉండదు. ఏడాదిలో పూర్తిగా పోవచ్చని డాక్టర్ చెప్పాడట.

"అంత దూరం వెళ్ళి ఆయన చూసేదేముంది, చెప్పండి?" అంది.

అంకుల్‌కి ఫోన్ చేసి ఆమె మాటే చెప్పాను.

"ఏడాది ఆగి వెళ్తే ఏం చూస్తాను, మిస్ రూత్?" అన్నాడాయన. "ఊరి బయట మడ అడవుల్లో ఎర్ర పక్షులుంటాయి. వంకర ముక్కు, ఒళ్ళంతా ఎరుపే. చిన్నప్పుడు మా నాన్న పడవలో తీసుకెళ్ళి చూపించాడు. అలాంటి ఎరుపు నేను తిరిగిన ఏ దేశంలోనూ చూడలేదు. అదొక్కటి మళ్ళీ చూస్తే చాలు" అన్నాడు.

తనంతట తాను తిరగలేని ప్రయాణికుడికి ఒక తోడుండాలన్నది మా ఏజెన్సీ నియమం. ఆ మాటే డెనీస్‌కి చెప్పాను. "ఆయన్ని వద్దనడం నావల్ల కాదు. మీరు వస్తే మాత్రం ఇద్దర్నీ బాగా చూసుకుంటాను." కోపంగా వెళ్ళిపోయింది. మరో వారానికి, స్కూల్లో సెలవు పెట్టి, తన పాస్‌పోర్ట్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

లాస్ ఏంజిలిస్, మయామీ మీదుగా ఫిబ్రవరిలో అక్కడ దిగాం. ఆ ఊరు నన్ను మొదటి పొద్దునే కట్టిపడేసింది. నడిమధ్యన సవానా అని విశాలమైన పచ్చిక మైదానం, దాని చుట్టూ నీడనిచ్చే పెద్ద పెద్ద చెట్లు. ఒక పక్క వరసగా పాతకాలపు భవంతులు, ఒక్కోటి ఒక్కో దేశం నుంచి తెచ్చి పెట్టినట్టున్నాయి. వెనక పచ్చటి కొండలు. రోడ్డు వారన కొబ్బరిబొండాల బండ్లు. ఆ కత్తి దెబ్బల చప్పుడు వినగానే అంకుల్ కాళ్ళకి ప్రాణం వచ్చింది. మా ముందు నడిచాడు.

ఒక బండి దగ్గర ఆగి మా ఇద్దరికీ డబుల్స్ అనే ఫలహారం తినిపించాడు. పసుపు వేసి నూనెలో వేయించిన మెత్తటి చిన్న రొట్టెలు రెండు, మధ్యలో ఉడికించిన శనగలు, పైన చింతపండు పచ్చడి, కారం. ఆ రొట్టెని బారా అంటారట. అమ్మే ఆవిడ ముఖం అచ్చం మా గుంటూరు వీధిలో కనిపించే ముఖంలా ఉంది. ఒకప్పుడు తెల్లదొరలు చెరుకు తోటల్లో కూలికని ఓడలెక్కించి తీసుకెళ్ళిన మనవాళ్ళ సంతతి. చింతపండు నాలుక్కి తగలగానే నాకు కళ్ళు చెమర్చాయి. కారం అనుకున్నారు వాళ్ళిద్దరూ. డెనీస్ వరసగా మూడు తినేసింది.

"ఇంట్లో ఇవెప్పుడూ చెయ్యలేదేం, డాడ్?" అంది.

"మీ అమ్మకి కారం పడదుగా" అన్నాడాయన.

ఆయన పుట్టిన ఇల్లు వెతికితే ఆ చోట కార్ల షెడ్డు ఉంది. గాలి గట్టిగా పీల్చి, "పోనీలే, వీధి వాసన మారలేదు" అన్నాడు.

పక్షుల దగ్గరే చిక్కొచ్చింది. అవి గూళ్ళకి చేరేది పొద్దు గూకే వేళ. అంకుల్‌కి చూపు ఆగిపోయేదీ అప్పుడే. పడవతన్ని అడిగాను. ముందొచ్చేవి కొన్ని ఉంటాయనీ, పెందలాడే వెళ్ళి సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని కూర్చుంటే కనిపించవచ్చనీ, మాట మాత్రం ఇవ్వలేననీ అన్నాడు. గ్రూపు మొత్తాన్నీ మిట్ట ఎండలో బయల్దేరదీశాను. దోమలు, ఉక్క. అందరూ సణిగారు.

చాలాసేపటికి ఎవరో "అవిగో!" అన్నారు. నాలుగైదు పక్షులు నీళ్ళ మీదుగా తేలుతూ వచ్చాయి. అంకుల్ తల ఇటూ అటూ తిప్పుతున్నాడు. ఆ గొట్టమంత చూపులో ఎగిరే పక్షిని పట్టుకోవడం ఎలా? "ఎక్కడ? ఎక్కడ?" అన్నాడు.

డెనీస్ లేచి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు చేతులతో తండ్రి ముఖం పట్టుకుని, పక్షులు వాలిన కొమ్మ వైపు మెల్లగా తిప్పి, అక్కడ ఆపింది.

"ఇప్పుడు చూడండి, డాడ్. కదలకండి."

ఆయన కదల్లేదు. పచ్చటి ఆకుల మీద, ఎండ పడి, కుంకుమ ఆరబోసినట్టు ఆ ఎరుపు. సణిగినవాళ్ళంతా దోమల్ని మర్చిపోయారు. ఆయన, "అదే. ఏమీ మారలేదు" అన్నాడు. డెనీస్ చేతులు తడిసిపోయాయి. అయినా తియ్యలేదు. తర్వాత వందల కొద్దీ వచ్చాయి, చెట్టంతా ఎర్రబడింది. అప్పటికి పొద్దు వాలింది, ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

ఆ రాత్రి ఊళ్ళోకి తిరిగొచ్చాక, కూతురి చెయ్యి పట్టుకుని, చెవులతోనే దారి చెబుతూ ఆయనే మమ్మల్ని పాన్‌యార్డ్‌కి తీసుకెళ్ళాడు. నూనె పీపాల అడుగుల్ని సాగగొట్టి చేసిన స్టీల్ వాయిద్యాలు సాధన చేసే ఆవరణ అది. ఇనుములోంచి అంత తీపి ఎలా వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ కబుర్లలో పడ్డారు. వీధి పొడవునా రొట్టె, వేపిన చేప వాసనలు. డెనీస్ ఎవరో ముసలావిడతో చిందులేసింది. ఆ తర్వాత కార్నివాల్ రెండ్రోజులూ రంగుల్లో, పాటల్లో మునిగిన ఊరు బుధవారం పొద్దున నుదుట బూడిద పెట్టించుకోవడానికి చర్చి ముందు బుద్ధిగా నిలబడింది. ఈస్టర్‌కి ముందు ఉపవాస ప్రార్థనల్లో గడిపే శ్రమకాలం మొదలు. ఆ వరసలో నేనూ నిలబడ్డాను.

ఏడాదిన్నర తర్వాత కూతురి చెయ్యి పట్టుకుని అంకుల్ మా ఆఫీసుకి వచ్చాడు. చూపు పూర్తిగా పోయింది. మళ్ళీ కార్నివాల్‌కి వెళ్ళాలన్నాడు. డెనీస్ ఈసారి వద్దనలేదు సరికదా, తన సెలవు తేదీలు కూడా చెప్పింది. నేనే తడబడుతూ, "అంకుల్, ఇప్పుడు అక్కడ మీకు..." అని ఆగిపోయాను.

ఆయన గట్టిగా నవ్వాడు. "మిస్ రూత్, ఆ ఊళ్ళో సగం సందడి చీకటి పడ్డాకే మొదలవుతుంది. మర్చిపోయావా?"

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ కుర్చీలోనే పనిచేశాను. కర్ర పట్టుకున్నవాళ్ళు, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళు, చెవులు వినపడనివాళ్ళు ఎందరో వచ్చారు. అక్కడ మీరేం చెయ్యగలరని ఎవరినీ అడగలేదు. ఎప్పుడు బయల్దేరదామని మాత్రమే అడిగాను.